ఆవిరైపోయిందని రాస్తే సరిపోదు

నెలాఖరు స్టాక్ మీటింగులో ప్రతి గ్యాస్ ప్లాంటులోనూ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ప్లాంటు గేటు దాటిన లిక్విడ్‌కీ, కస్టమర్లకు బిల్లు వేసిన లిక్విడ్‌కీ మధ్య తేడా ఎక్కడికి పోయింది? డిస్పాచ్‌లో ఉన్న కుర్రవాడు "ఆవిరైపోయింది సార్" అంటాడు. ఆ జవాబు అబద్ధం కాదు. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే నైట్రోజన్, మైనస్ 183 దగ్గర మరిగే ఆక్సిజన్, మైనస్ 162 దగ్గర మరిగే ఎల్‌ఎన్‌జీ మన ఎండల్లో కొంత ఆవిరి కాక తప్పదు. అయినా ఆ జవాబుతో ఉద్యోగం ఎక్కువ కాలం సాగదు. ఆ ఒక్క మాట వెనక నాలుగైదు రకాల నష్టాలు ఉంటాయి. ఒక్కోదానికి కారణం వేరు, బాధ్యులు వేరు, సరిచేసే పద్ధతి వేరు. వాటిని విడదీసి కిలోల్లో చెప్పగలిగినవాడి మాట మీటింగులో నిలుస్తుంది. చెప్పలేనివాడి నెత్తిన మొత్తం తేడా పడుతుంది.

ఎయిర్ సెపరేషన్ ప్లాంటులో, ట్యాంకర్ల డిస్పాచ్‌లో, ఫార్మా కంపెనీ యుటిలిటీస్‌లో, ఆసుపత్రి మెయింటెనెన్స్‌లో పని చేస్తూ ఈ లెక్కలు తలకు చుట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. లెక్కలన్నీ కాలిక్యులేటర్ మీద చేసుకోగలిగినవే.

ముందు ట్యాంకు సంగతి. ప్రతి క్రయోజెనిక్ ట్యాంకు డేటా షీట్‌లో ఎన్‌ఈఆర్ అని ఒక అంకె ఉంటుంది. నార్మల్ ఎవాపరేషన్ రేట్, రోజుకు ఇంత శాతం అని. 20,000 లీటర్ల నైట్రోజన్ ట్యాంకుకు అది 0.3 శాతం అనుకుందాం. అంటే రోజుకు 60 లీటర్లు. లీటరు ద్రవ నైట్రోజన్ 0.807 కిలోలు కాబట్టి సుమారు 48 కిలోలు. గ్యాస్‌గా మారితే 40 క్యూబిక్ మీటర్ల పైమాటే. కిలో నైట్రోజన్ ఆవిరి కావడానికి 199 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ లెక్కన రోజు మొత్తాన్ని పంచి చూస్తే ట్యాంకులోకి చొరబడుతున్న వేడి దాదాపు 110 వాట్లు. పాత రోజుల్లో ఇంట్లో వెలిగిన వంద వాట్ల బల్బు ఎంతో, పెర్లైటూ వ్యాక్యూమూ దాటి అంత పెద్ద ట్యాంకులోకి వెళ్లే వేడి కూడా అంతే.

ఈ ఎన్‌ఈఆర్‌ని వాడటంలో రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. మొదటిది, ఆ శాతాన్ని ట్యాంకులో మిగిలి ఉన్న లిక్విడ్ మీద లెక్కగట్టడం. ఎన్‌ఈఆర్ అనేది నిండు ట్యాంకు కెపాసిటీ మీద చెప్పే శాతం. ట్యాంకులో 5,000 లీటర్లే ఉన్నప్పుడు 0.3 శాతం వేసి 15 లీటర్లు అని రాస్తే తప్పు. లెవెల్ పడిపోయినా లోపలి పాత్ర చల్లగానే ఉంటుంది, వేడి చొరబడుతూనే ఉంటుంది. కాబట్టి పోయేది 60 లీటర్లకు కాస్త మాత్రమే తగ్గుతుంది. ఉన్నదానిలో అది 1.2 శాతం దాకా వస్తుంది. పెద్ద ట్యాంకు పెట్టుకుని అడుగున కాసింత లిక్విడ్‌తో నడిపించే సైట్లలో నష్టం శాతం ఎప్పుడూ భయపెట్టేలా కనిపించడానికి కారణం ఇదే.

రెండో తప్పు ఇంకా ఖరీదైనది. ఆవిరైనదంతా నష్టమే అనుకోవడం. ట్యాంకు పైభాగంలో చేరిన గ్యాస్ వెంట్ ద్వారా బయటికి పోతేనే నష్టం. వాడకంలోకి వెళ్తే అది మామూలు సప్లైయే. అందుకే ట్యాంకుకు ఎకనమైజర్ ఉంటుంది. ప్రెషర్ ఒక హద్దు దాటగానే అది అడుగు నుంచి లిక్విడ్ తీయడం తగ్గించి పైనున్న గ్యాస్‌ను లైనులోకి పంపుతుంది. రోజువారీ వాడకం రోజువారీ ఆవిరి కంటే ఎక్కువ ఉన్న సైటులో, అన్నీ సరిగా పని చేస్తుంటే, ట్యాంకు దగ్గర నష్టం సున్నాకు దగ్గరగా ఉండాలి.

ఆసుపత్రి లెక్క తీసుకుందాం. 10,000 లీటర్ల ఆక్సిజన్ ట్యాంకు, ఎన్‌ఈఆర్ 0.3 శాతం. రోజుకు 30 లీటర్లు, అంటే 34 కిలోలు, గ్యాస్‌గా సుమారు 26 క్యూబిక్ మీటర్లు. నిమిషానికి పది లీటర్ల ఫ్లో మీద ఉన్న ఒక పేషెంటు రోజుకు 14.4 క్యూబిక్ మీటర్లు వాడతారు. అలాంటి పేషెంట్లు ఇద్దరుంటే ట్యాంకులో సహజంగా ఆవిరయ్యేదంతా వాళ్లకే సరిపోతుంది. కాబట్టి వార్డులో పది మంది ఆక్సిజన్ మీద ఉండగా ట్యాంకు దగ్గర సేఫ్టీ వాల్వ్ బుస్సుమంటుంటే దాన్ని మామూలు ఆవిరి అని లాగ్‌బుక్‌లో రాసి వదిలేయకండి. ఎక్కడో ఏదో తప్పుగా ఉంది. ముందు చూడాల్సింది ప్రెషర్ బిల్డింగ్ వాల్వ్. ట్యాంకు నింపేటప్పుడు తెరిచి, తర్వాత మూయడం మరిచిపోతే, లేదా మూసినా లోపల పాస్ అవుతుంటే, ట్యాంకు తన లిక్విడ్‌ను తానే ఆవిరి చేసుకుని ప్రెషర్ పెంచుకుంటూ ఉంటుంది. తర్వాత సెట్టింగులు చూడండి. ప్రెషర్ బిల్డింగ్ రెగ్యులేటర్ ఏ ప్రెషర్ దగ్గర ఆగుతుందో, ఎకనమైజర్ దానికి కాస్త పైన తెరుచుకోవాలి. రెండూ తారుమారైతే ఒకటి ప్రెషర్ పెంచుతుంటే ఇంకొకటి దించుతూ ఉంటుంది. ఈ రెండూ సరిగా ఉన్నాక కూడా ప్రెషర్ ఆగకుండా పెరుగుతుంటే అప్పుడు వ్యాక్యూమ్‌ని అనుమానించండి.

2021లో కోవిడ్ సమయంలో అవసరం కొద్దీ పెద్ద ట్యాంకు పెట్టుకున్న ఆసుపత్రిలో ఇప్పుడు వాడకం బాగా తగ్గి ఉంటే సంగతి వేరు. అక్కడ వాల్వులన్నీ సవ్యంగా ఉన్నా ఆవిరి వాడకాన్ని మించిపోతుంది. అది మెయింటెనెన్స్ సమస్య కాదు, ట్యాంకు సైజు సమస్య. ఆ మాట టెక్నీషియన్ మీదికి నెట్టకుండా మేనేజ్‌మెంటుకు అంకెలతో రాసి ఇవ్వడం మీ పని. ట్యాంకు మార్చాలా, ఆ నష్టాన్ని ఎమర్జెన్సీ నిల్వకయ్యే ఖర్చుగా ఒప్పుకోవాలా అన్నది వాళ్ల నిర్ణయం. ఆక్సిజన్ విషయంలో రెండోదే సరైన నిర్ణయం కావచ్చు కూడా. 2021 ఏప్రిల్ 21న నాసిక్‌లో ఆసుపత్రి ట్యాంకును నింపుతుండగా లీకై, లైనులో ప్రెషర్ పడిపోయి 20 మందికి పైగా రోగులు చనిపోయారు. నిల్వను శాతాల్లో చూసేవాళ్లు ఆ రోజును గుర్తు పెట్టుకోవాలి.

వ్యాక్యూమ్ పోయిందా లేదా అన్నది చూపుతోనే చాలావరకు తెలుస్తుంది. కాకపోతే చూడాల్సిన చోట చూడాలి. వేపరైజర్ రెక్కల మీద, లిక్విడ్ పైపుల మీద, వాల్వు కాడల మీద మంచు గట్టడం మామూలే. విశాఖ, కాకినాడ లాంటి తేమ గాలిలో ఇంకా ఎక్కువ గడుతుంది. ట్యాంకు బయటి షెల్ మీద మచ్చలా ఒక చోట చెమట పట్టినా, మంచు గట్టినా అది ప్రమాద సూచన. షెల్ అంతటా చల్లగా ఉండి ప్రెషర్ వేగంగా పెరుగుతుంటే లిక్విడ్‌ను వేరే ట్యాంకుకు మార్చే ఏర్పాటు, తయారీదారుకు ఫోను రెండూ అదే షిఫ్టులో జరగాలి. వ్యాక్యూమ్ గేజ్ రీడింగ్‌ను ఏటా ఒకసారి మాత్రమే తీసే చోట, ఆరు నెలలకొకసారి తీయమని అడగండి. క్రమంగా క్షీణించే వ్యాక్యూమ్‌ని ముందుగా పట్టుకునే దారి ఆ రీడింగే.

ఎండాకాలం వచ్చిందంటే మరో సాకు మొదలవుతుంది, ఎండలకు ఎక్కువ పోయిందని. బయట 30 డిగ్రీలున్నప్పుడు నైట్రోజన్‌కీ గాలికీ తేడా 226 డిగ్రీలు. మే నెలలో 45కు చేరితే 241. ఈ తేడా వల్ల లోపలికి వెళ్లే వేడి పెరిగేది ఏడు శాతానికి లోపే. షెల్ మీద నేరుగా పడే ఎండను కలుపుకున్నా 0.3 శాతం కాస్తా 0.35 దగ్గరికి వస్తుందేమో గానీ 0.6 కాదు. వేసవిలో నష్టం రెట్టింపైందని ఎవరైనా రిపోర్టు ఇస్తే ఆ రిపోర్టు తిప్పి పంపండి. మీరే ఇవ్వాల్సి వస్తే ఇవ్వకండి.

ఇప్పుడు అసలు నష్టం జరిగే చోటికి వద్దాం. లిక్విడ్‌ను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి మార్చే ప్రతిసారీ పోయేది, ఊరికే నిలబడ్డ ట్యాంకులో పోయేదాన్ని సులువుగా దాటిపోతుంది. దీన్ని ఎవరూ లెక్క రాయరు. అందుకే మీరు రాయాలి.

వేడిగా ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలును గది ఉష్ణోగ్రత నుంచి నైట్రోజన్ ఉష్ణోగ్రతకు దించాలంటే కిలోకు సుమారు 85 కిలోజౌళ్లు తీసేయాలి. పంపు, హోస్, పైపు, వాల్వులు కలిపి 100 కిలోల స్టీలు ఉందనుకుందాం. 8,500 కిలోజౌళ్లు, అంటే దాదాపు 43 కిలోల నైట్రోజన్, 50 లీటర్లకు పైగా. చల్లటి ఆవిరిని కూడా పైపులోంచి నిదానంగా పంపితే ఇది తగ్గుతుంది. వాల్వు ఒక్కసారిగా తెరిచి గుప్పుమని వదిలితే పూర్తిగా పోతుంది. రోజుకు మూడుసార్లు లైను వేడెక్కనిచ్చి మూడుసార్లు చల్లబరిస్తే 150 లీటర్లు. పైన చెప్పిన 20,000 లీటర్ల ట్యాంకు రోజంతా పోగొట్టుకునేదానికి ఇది రెండున్నర రెట్లు. సిలిండర్ ఫిల్లింగ్ స్టేషన్లలో నష్టం ఎక్కువగా ఉండటానికి సగం కారణం ఇదే. ఉదయం పది సిలిండర్లు, మధ్యాహ్నం పది, సాయంత్రం పది నింపడం కంటే ముప్పైనీ ఒకే విడతలో నింపండి. సేల్స్ వాళ్లు ఒప్పుకోరు, కస్టమర్ గేటు దగ్గర నిలబడ్డాడంటారు. ఒక వారం పాటు విడతల సంఖ్య, లిక్విడ్ లెవెల్ రాసి ఆ కాగితం వాళ్ల ముందు పెట్టండి. డెలివరీ టైములు అప్పుడు సర్దుబాటవుతాయి.

దీనికంటే లోతైన నష్టం ఫ్లాష్. కొత్తవాళ్లకు ఇది సులువుగా అందదు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. వాతావరణ పీడనంలో నైట్రోజన్ మైనస్ 196 దగ్గర మరుగుతుంది. ట్యాంకరులో గేజ్ మీద 2 బార్ ప్రెషర్ దగ్గర నిలకడకు వచ్చిన లిక్విడ్ మైనస్ 185 దగ్గర ఉంటుంది. దారిలో ఒక్క గ్రాము కూడా వెంట్ చేయలేదు, డ్రైవర్ రిపోర్టులో నష్టం సున్నా. కానీ దారి పొడుగునా చొరబడిన వేడంతా ఆ పదకొండు డిగ్రీల్లో దాగి ఉంది. ఆ లిక్విడ్‌ను తక్కువ ప్రెషర్ ఉన్న పాత్రలోకి వదలగానే అది మైనస్ 196కు దిగాలి. దిగడానికి తనలో కొంత భాగాన్ని ఆవిరి చేసుకుంటుంది. లెక్క వేస్తే దాదాపు పదో వంతు. 16 టన్నుల లోడులో 1,600 కిలోల దాకా కస్టమర్ వెంట్ పైపులోంచి తెల్లగా లేచిపోతాయి. తక్కువ లిక్విడ్ పంపారని కస్టమర్ అంటాడు. పంపింది సరిగ్గానే పంపామని ప్లాంటు అంటుంది. ఇద్దరి మాటా నిజమే. పోయింది వేడెక్కిన లిక్విడ్ వల్ల.

దీనికి విరుగుడు మూడు చోట్ల ఉంది. లోడింగ్ బేలో ట్యాంకరు ప్రెషర్ చూసి, లిక్విడ్ వీలైనంత చల్లగా ఉన్నప్పుడే పంపాలి. దారిలో అనవసరమైన మకాం ఉండకూడదు. దింపే చోట రెండు పాత్రల ప్రెషర్లను దగ్గరగా తెచ్చుకోవాలి. కస్టమర్ ట్యాంకు 2 బార్ మీదే నడుస్తుంటే ఫ్లాష్ సమస్య దాదాపు ఉండదు. ఓపెన్ క్యాన్లు నింపుకునే ల్యాబ్‌కు మాత్రం వేడెక్కిన లోడును పంపకండి. దింపేటప్పుడు అడుగు నుంచి నింపితే పైనున్న గ్యాస్ నలిగి ప్రెషర్ పెరుగుతుంది. పై స్ప్రే నుంచి నింపితే చల్లటి లిక్విడ్ తగిలి ఆ గ్యాస్ మళ్లీ ద్రవంగా మారి ప్రెషర్ దిగుతుంది. రెండు వాల్వులనూ సమంగా ఆడించడం తెలిసిన ఆపరేటర్ వెంట్ తెరవకుండానే ట్యాంకు నింపగలడు. మీ దగ్గర అలాంటి పాత ఆపరేటర్ ఉంటే ఆయన చేతి పని చూసి నేర్చుకోండి. మాన్యువల్‌లో ఈ సంగతి ఒక వాక్యంలో ఉంటుంది, ఆయన చేతిలో ఇరవై ఏళ్ల అనుభవం ఉంటుంది.

నిలబడి ఉన్న ట్యాంకరులో పై పొర త్వరగా వేడెక్కి ప్రెషర్ తొందరగా పెరుగుతుంది. బండి కదిలితే లిక్విడ్ కలిసిపోయి ప్రెషర్ కాస్త దిగుతుంది. రాత్రి ధాబా దగ్గర ఆపిన డ్రైవర్ పొద్దున గేజ్ చూసి కంగారుపడి వెంట్ తెరవడానికి ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. సేఫ్టీ వాల్వు హద్దుకు దగ్గరగా ఉంటే మాత్రం ఆలోచించకుండా ఖాళీ స్థలం చూసుకుని, కరెంటు తీగలకూ జనానికీ దూరంగా వెంట్ చేయాల్సిందే. ప్రతి మజిలీలో టైము, ప్రెషర్, లెవెల్ రాసే ట్రిప్ షీట్ పెట్టండి. వెంట్ చేసినందుకు డ్రైవర్ జీతం కోసే పద్ధతి మీ కంపెనీలో ఉంటే మాన్పించడానికి మీ పలుకుబడి వాడండి. జీతం పోతుందనే భయంతో వెంట్ చేయని డ్రైవరు, చేసి కూడా రాయని డ్రైవరు, ఇద్దరూ ప్రమాదమే.

ట్యాంకరుకు కాలమే ఖర్చు అన్న సంగతి 2021 ఏప్రిల్‌లో దేశం మొత్తానికీ తెలిసింది. తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపిన ట్యాంకర్లతో ఏప్రిల్ 22న మహారాష్ట్రకు బయల్దేరింది. అదే వారంలో హైదరాబాద్ బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో భువనేశ్వర్‌కు ట్యాంకర్లు వెళ్లాయి, ఖాళీవి. నింపినవాటిని విమానంలో ఎక్కించలేరు కాబట్టి అవి భూమార్గంలోనే తిరిగొచ్చాయి. మిగిలింది వెళ్లే దారిలో ఆదా అయిన రోజులు. మామూలు రోజుల్లో కూడా డిస్పాచ్ ప్లానింగులో ఎక్కువ మంది నిండిన బండినే చూస్తారు. ఖాళీ బండి ఆలస్యంగా, వేడెక్కి వస్తే దాన్ని మళ్లీ చల్లబరచడానికి మీ లిక్విడే పోతుంది. అందుకే అనుభవమున్న ఫ్లీట్లలో అడుగున కాస్త లిక్విడ్ ఉంచి తిప్పి పంపమంటారు.

ఇక కాటా దగ్గరికి వద్దాం. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, గ్యాసు నిజంగా పోయేది చాలా తక్కువ. ఒక లోడు తీసుకుందాం. 22,000 లీటర్ల నైట్రోజన్ ట్యాంకరు. ప్లాంటులో ప్రెషర్ దించేసి టేర్ తీశారు, నింపాక నికర బరువు 16,000 కిలోలు. 400 కిలోమీటర్లు ప్రయాణించి కస్టమర్ వేబ్రిడ్జి ఎక్కింది. అక్కడి గ్రాస్ ప్లాంటు గ్రాస్ కంటే 90 కిలోలు తక్కువ. దింపాక మళ్లీ తూచారు. దిగింది 15,824 కిలోలు. కస్టమర్ స్టోర్స్‌లో 90, 176 రెండూ కలిపి 266 కిలోల షార్టేజి రాసేశారు.

ఒక్కో అంకె విప్పండి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి 400 కిలోమీటర్లకు 100 లీటర్ల డీజిల్ కాలుస్తుంది. డీజిల్ లీటరు 0.83 కిలోలు, కాబట్టి 83 కిలోలు డీజిలే. మిగిలిన ఏడు కిలోలు గ్యాసు కావచ్చు. వేబ్రిడ్జి 10 కిలోల మెట్టుతో చూపిస్తుంటే ఆ ఏడు కూడా నమ్మకంగా చెప్పలేం. ఇప్పుడు 176 సంగతి. దింపేశాక ట్యాంకరులో గేజ్ మీద 2 బార్ ప్రెషర్ మిగిలింది. ఆ ప్రెషర్ దగ్గర చల్లటి నైట్రోజన్ ఆవిరి క్యూబిక్ మీటరుకు 12 కిలోలకు పైనే ఉంటుంది. 22 క్యూబిక్ మీటర్లకు 270 కిలోల దాకా. ప్లాంటులో టేర్ తీసినప్పుడు ప్రెషర్ లేదు కాబట్టి చల్లటి ఆవిరి 100 కిలోలే ఉంది. తేడా 170. ఆ సరుకు ఎక్కడికీ పోలేదు, మీ ట్యాంకరులోనే తిరిగి వస్తోంది. తిరిగొచ్చాక టేర్ కోసం దాన్ని గాలిలోకి వదిలితే అది ప్లాంటు నష్టం, కస్టమర్‌కు సంబంధం లేదు. 266 కిలోల షార్టేజి అన్నది విప్పి చూస్తే నిజంగా దారిలో పోయింది పది కిలోల లోపు. కాటా చీటీ మీద బరువుతో పాటు డీజిల్ లెవెల్, ట్యాంకు ప్రెషర్, బండిలో ఎవరున్నారు అన్న మూడూ రాయించే అలవాటు చేసుకోండి.

బిల్లు క్యూబిక్ మీటర్లలో ఉంటే మరో గొయ్యి ఉంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర క్యూబిక్ మీటరు? 0 డిగ్రీల దగ్గర నైట్రోజన్ క్యూబిక్ మీటరు 1.25 కిలోలు, 15 డిగ్రీల దగ్గర 1.185. ప్లాంటు ఒకటి, కస్టమర్ ఇంకొకటి వాడుతుంటే ఒక్క చుక్క పోకుండానే పుస్తకాల్లో ఐదు శాతం తేడా వస్తుంది. కాంట్రాక్టులో ఆ ఒక్క లైను చదవకుండా షార్టేజి మీటింగుకు వెళ్లకండి.

ఎల్‌ఎన్‌జీ వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ ఆవిరిని నష్టంగా కాక ఇంధనంగా చూస్తారు. 1,74,000 క్యూబిక్ మీటర్ల నౌకలో రోజుకు 0.1 శాతం అంటే 174 క్యూబిక్ మీటర్ల లిక్విడ్. దాన్నే ఇంజన్లలో కాలుస్తారు. అక్కడి అసలు ప్రమాదం వేరు. ముందుగా తేలిక భాగాలు ఆవిరైపోయి మిగిలిన లిక్విడ్ బరువెక్కుతుంది. దాని మీద వేరే సాంద్రత ఉన్న సరుకు పోస్తే రెండు పొరలుగా నిలుస్తుంది. కింది పొర వేడిని దాచుకుని ఉన్నట్టుండి తిరగబడితే ఆవిరి ఉప్పెనలా లేస్తుంది. 1971లో ఇటలీలోని లా స్పెజియా టెర్మినల్‌లో జరిగింది అదే. బరువైన సరుకును పైనుంచి, తేలికైనదాన్ని కింద నుంచి నింపే ఆచారం ఇలాంటివాటి వల్లే గట్టిపడింది.

హీలియం, హైడ్రోజన్ ఉద్యోగాలకు వెళ్తే ఇప్పటిదాకా చెప్పిన అంకెలన్నీ మళ్లీ వేసుకోవాలి. ఒక్క వాట్ వేడి లోపలికి వెళ్తే గంటకు 0.022 లీటర్ల నైట్రోజన్ పోతుంది, హీలియం అయితే 1.4 లీటర్లు. అరవై రెట్లు. ఎంఆర్‌ఐ సెంటరులో చిల్లర్ ఆగిందని ఫోను వస్తే రేపు చూద్దామనకూడదని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు. హైడ్రోజన్‌లో ఇంకో చిక్కు. అణువులు ఆర్థో రూపం నుంచి పారా రూపానికి మారేటప్పుడు విడుదల చేసే వేడి ఆ ద్రవాన్ని ఆవిరి చేయడానికి కావలసినదాని కంటే ఎక్కువ. ద్రవీకరించేటప్పుడే ఆ మార్పు పూర్తి చేయకపోతే ఎంత గొప్ప ఇన్సులేషన్ ఉన్నా ట్యాంకు తనంతట తానే ఖాళీ అవుతుంది. పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్ లాంటి చోట్ల ఉద్యోగాల మీద కన్నేసినవాళ్లు ఇంటర్వ్యూకి ముందు ఈ సంగతి చదువుకుని వెళ్లండి.

చిన్న క్యాన్ల విషయంలో నష్టం విలువ నైట్రోజన్ ధరలో ఉండదు. ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు బండి మీద తిప్పే మూడు లీటర్ల క్యానులో ఆంబోతు వీర్యం స్ట్రాలు ఉంటాయి. లెవెల్ పడిపోయి స్ట్రాలు వేడెక్కాయా అన్నది చూస్తే తెలియదు. క్యాన్ మళ్లీ నింపితే స్ట్రాలు మళ్లీ గడ్డకట్టి మంచివాటిలాగే కనిపిస్తాయి. మూడు వారాల తర్వాత పశువు మళ్లీ ఎదకు వచ్చినప్పుడు గానీ రైతుకు తెలియదు. అప్పటికి ఆ ఈతలో ఒక అదను పోయింది. తయారీదారు చెప్పే నిల్వ రోజులు కదలకుండా, మూత తెరవకుండా ఉంచిన క్యానుకు వర్తించేవి. గతుకుల రోడ్డు మీద, రోజుకు ఎన్నోసార్లు మూత తీసే క్యానుకు అవి వర్తించవు. వారానికొకసారి తూకం వేయండి. లీటరుకు 800 గ్రాములు. వారానికి 600 గ్రాములు పోయే క్యాన్ ఉన్నట్టుండి కిలోన్నర పోగొడితే, మెడ దగ్గర బయటివైపు చెమట పడితే, స్ట్రాలు ఆ రోజే వేరే క్యానులోకి మార్చాలి. మూత బిగుతుగా ఉంటే తక్కువ పోతుందని గుడ్డ కుక్కడం, టేపు చుట్టడం ఎప్పుడూ చేయకండి. ఆవిరికి దారి లేకపోతే క్యాన్ పగులుతుంది.

అదే సూత్రం పెద్ద ట్యాంకులకూ. నష్టం తగ్గించాలన్న ఒత్తిడిలో సేఫ్టీ వాల్వు స్ప్రింగ్ బిగించడం, కారుతున్న వాల్వుకు ప్లగ్ కొట్టడం, రెండు వాల్వుల మధ్య లిక్విడ్‌ను ఇరికించి వదిలేయడం, ఇవన్నీ మనుషుల ప్రాణాలు తీసిన పనులు. లీటరు నైట్రోజన్ 690 లీటర్లకు పైగా గ్యాసు అవుతుంది. తలుపులు వేసిన గదిలో వెంట్ చేస్తే ఆక్సిజన్ శాతం పడిపోతుంది. 19.5 శాతానికి దిగువన మనిషికి ప్రమాదం, స్పృహ తప్పేదాకా తెలియదు. ఆక్సిజన్ వెంట్ అయితే ప్రమాదం తిరగబడుతుంది, 23.5 శాతం దాటితే బట్టలు కూడా భగ్గుమంటాయి. ప్రెషర్ వెసెల్స్ మీద వాల్వుల సెట్టింగు మార్చడం పెసో నిబంధనల పరిధిలోని పని, షిఫ్ట్ ఇన్‌చార్జి నోటి మాటతో చేసేది కాదు. ఎవరైనా చేయమంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి.

ఒత్తిడి గురించి కూడా చెప్పాలి. "ఈ నెల లాస్ రెండు శాతం లోపల చూపించు" అని పైనుంచి మాట వస్తుంది. ఇష్యూల్లో కాస్త పెంచి, క్లోజింగ్ స్టాక్ డిప్ రీడింగులో కాస్త సర్ది ఆ రెండు శాతం తెప్పించడం కష్టమేమీ కాదు. మూడు నెలలు నడుస్తుంది. నాలుగో నెల ట్యాంకు ఖాళీ చేసి ఇన్‌స్పెక్షన్‌కు తెరిచిన రోజు పుస్తకంలో ఉన్న ఎనిమిది టన్నులు ట్యాంకులో ఉండవు. ఆ రోజు అందరి కళ్లూ సంతకం పెట్టినవాడి మీద పడతాయి, మాట చెప్పినవాడి మీద కాదు.

కాబట్టి స్టేట్‌మెంట్ ఇలా తయారు చేయండి. ఓపెనింగ్, రిసీట్స్ కలిపి, ఇష్యూలూ క్లోజింగూ తీసేస్తే వచ్చే మొత్తం తేడా పైన రాయండి. దాని కింద ట్యాంకు వెంట్ అయిన రోజులు, ఎన్‌ఈఆర్ ప్రకారం కిలోలు. కూల్‌డౌన్‌లు ఎన్నిసార్లు, ఒక్కోదానికి మీరు కొలిచిన కిలోలు. ఫ్లాష్ అయిన లోడ్లు, బయల్దేరినప్పటి ప్రెషర్, దింపినప్పటి ప్రెషర్‌తో సహా. తిరిగొచ్చిన ట్యాంకర్లలోని ఆవిరి. కాటా తేడాలు. ఇవన్నీ తీసేశాక మిగిలినదాన్ని ఏ పద్దులోనూ కలపకుండా "లెక్క తేలనిది" అని విడిగా చూపించండి. మొదటి నెల ఆ లైను పెద్దగా ఉంటుంది, మీటింగులో ప్రశ్నలు పడతాయి. ప్రశ్నలు పడ్డ చోటే తర్వాతి నెల కొలతలు పెంచండి. మూడో నెలకు ఆ లైను చిన్నదవుతుంది. పోతున్నది ఏ వాల్వు దగ్గరో, ఏ రూట్లోనో, ఏ షిఫ్టులోనో కూడా ఈలోగా తెలుస్తుంది. దాన్ని సరిచేయడానికి కావలసిన డబ్బు అడగండి, స్టేట్‌మెంట్ జత చేసి.